పచ్చ జేబు

బుధవారం పొద్దున పదకొండు గంటలకి టెసీ లోక్రన్ కిలోరన్ వారి బట్టల దుకాణంలో అడుగు పెట్టింది. నలభై ఏళ్ళలో ఆవిడ ఆ గడప తొక్కడం అదే మొదటిసారి. ఆ సంగతి ఐర్లండులోని ఆ బాలిఫార్నా ఊళ్ళో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ పైకి అనరు, ఆ ఊరి మర్యాద అలాంటిది.

ఆ కొట్టులో పనిచేసే దర్జీ ఫెలిం కోస్టెలో, మెడలో టేపు వేసుకుని కౌంటరు మీద టైలు చుట్టలు చుడుతున్నాడు. దుకాణం మూతపడే వారం అది. యజమాని మలకీ కిలోరన్ జనవరిలో, ఎనభై ఆరో ఏట, నిద్రలోనే పోయాడు. అప్పటినుంచి ఊళ్ళో మగవాళ్ళంతా వరసపెట్టి వచ్చి, "అయ్యో, కిలోరన్ కొట్టు లేని ఊరు ఊరేనా!" అని వాపోయి, ఊరికే నాలుగు టోపీలు తలమీద పెట్టి చూసుకుని పోతున్నారు. పదేళ్ళుగా వాళ్ళు చొక్కాలు కొంటున్నది గాల్వేలో పెద్ద బజార్లలోనని ఫెలింకి తెలుసు. అయినా నవ్వుతూ "నిజమేనండీ" అంటున్నాడు. ఈ నలభై నాలుగేళ్ళలో అతను ఎక్కువసార్లు అన్న మాట అదే.

"మా తమ్ముడికి సూటు కావాలి" అంది టెసీ, తలుపు దగ్గరే నిలబడి.

"జార్లత్‌కా? ఇంటికి వస్తున్నాడా?" అన్నాడు ఫెలిం సంబరంగా.

"వస్తున్నాడు. శుక్రవారం. పెట్టెలో."

ఫెలిం చేతిలో చుట్ట విడిపోయి టై కౌంటరు మీద పాములా జారింది. ఇంగ్లండులో, కవెంట్రీలో పని చేస్తున్నచోటే కూలబడి పోయాడట, ఆదివారం. టెసీ వెళ్ళి కాగితాల పని చూసుకుని నిన్ననే వచ్చిందట. ఇదంతా ఆవిడ పాల డబ్బా ధర చెప్పినట్లు చెప్పి, చేతిసంచీలోంచి ఒక గోధుమరంగు కోటు తీసి కౌంటరు మీద పెట్టింది.

"కొలతలు నాకు తెలియవు. ఇది వాడిదే. దీన్నిబట్టి చూడు."

ఫెలిం కోటుని బల్లమీద బోర్లా పరిచాడు. అరచేత్తో మడతలు సాఫు చేసి, భుజం నుంచి భుజానికి టేపు పెట్టాడు. కుడి భుజం కొంచెం కిందికి ఉంది, ఇటుకలు మోసిన భుజం. చెయ్యి పొడవు చూశాడు. ఛాతీ చూడడానికి కోటు తెరిచాడు. లోపలి జేబు నోరు కుట్టేసి ఉంది. గోనెసంచి కుట్టే లావుపాటి దారంతో, కుట్టు చేతకానివాడు కుట్టిన అడ్డదిడ్డమైన కుట్టు.

"ఇదేమిటి?" అన్నాడు. అడగకుండా ఉండాల్సింది. జవాబు అతనికి ముందే తెలుసు.

"వాడి కోట్లన్నీ అంతే. కొన్న రోజునే కూర్చుని కుట్టేసేవాడు. పెళ్ళి చేసుకోబోయిన పిల్ల ఒకసారి ఇదేమిటని అడిగిందిట. చెప్పలేక ఆ పిల్లనే వదులుకున్నాడు, వెధవ."

ఫెలిం వెనక్కి తిరిగి బీరువా తెరిచాడు. నలభై నాలుగో నంబరు సూటు, ముదురు నీలం, మంచి ఉన్ని. హ్యాంగరుతో సహా తెచ్చి ఆవిడ ముందు పట్టుకున్నాడు. టెసీ బట్ట నాణ్యం చూడలేదు, గుండీలు చూడలేదు. ఎడమచేత్తో కోటు ఛాతీ తెరిచి, కుడిచేతి వేళ్ళు లోపలి జేబులోకి దూర్చి, దాన్ని చటుక్కున బయటికి లాగింది. కోడి పేగు లాగినట్లు నల్లటి జేబు బయటపడింది.

"నల్లదే" అంది తనలో తాను.

ఆవిడ ఇంత వయసొచ్చాక కూడా, మొగుడికో కొడుక్కో ఎక్కడ కోటు కొన్నా ఇలాగే చూస్తుందని ఫెలింకి ఒక్క క్షణంలో అర్థమైపోయింది.

ఆ కాలంలో వసంతంలో బిషప్పుగారు ఊరికి వచ్చి, పన్నెండేళ్ళ పిల్లల్ని మతంలో స్థిరపరిచే కన్ఫర్మేషన్ ఇచ్చే రోజున ప్రతి మగపిల్లాడికీ సూటు ఉండాలి. లేనివాళ్ళకి గుడి ధర్మసంఘం చీటీ రాసిస్తే, ఆ చీటీకి కిలోరన్ సూటు ఇచ్చేవాడు. కొందరు తల్లులు సోమవారం ఆ సూటు తిరిగి తెచ్చి, సైజు కుదరలేదని చెప్పి డబ్బు పుచ్చుకుని వెళ్ళి పిండో బొగ్గో కొనుక్కునేవాళ్ళు. అది ఆగడానికి చీటీ సూట్ల లోపలి జేబు విప్పి, నలుపు తీసేసి, పచ్చ లైనింగు గుడ్డ వేశారు, పచ్చ జేబున్న సూటు వాపసు తీసుకోకుండా. పైకి కనపడేది కాదు. కానీ పిల్లలకి కనిపెట్టడానికి ఒక్క వసంతం చాలింది. పూజ అవ్వగానే గుడి వాకిట్లో ఒకళ్ళ కోటు ఒకళ్ళు లాగి చూసుకోవడం ఆట అయింది. జార్లత్ లోక్రన్‌ని నలుగురు పట్టుకుని, ఐదోవాడు జేబు బయటికి లాగాడు. ఆ రోజు నుంచి వాడి పేరు పచ్చజేబు. కవెంట్రీలో ఇటుకల పనిలో కూడా బాలిఫార్నా వాళ్ళు ఉన్నారు కాబట్టి, సముద్రం దాటినా వాడి పేరు అదే.

"ఆదివారం మీ యజమానికి గోడమీద రాయి పెడుతున్నారట కదా" అంది టెసీ. "ఈ ఊరి బిడ్డలకు బట్ట కట్టినవాడు అని చెక్కించారట. నేను రాను. నీమీద నాకేం లేదు ఫెలిం. నువ్వు జీతగాడివి. వాళ్ళు కుట్టమన్నది కుట్టావు."

"టెసీ..." అన్నాడు ఫెలిం.

"ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. ముసలాడు అబద్ధమాడలేదు. ఆ కన్ఫర్మేషన్ ఆదివారం తర్వాత మూడో రోజున మా ఇంటికి వచ్చాడు. వాన. టోపీ తీసి చేత్తో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. 'తప్పంతా నాదే మిసెస్ లోక్రన్. అలా కుట్టమన్నది నేనే' అన్నాడు. మా అమ్మ మొహంమీద తలుపేసింది. చచ్చేదాకా ఆయన పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు."

ఫెలిం కౌంటరు అంచు పట్టుకున్నాడు.

పచ్చ జేబు ఆలోచన ఫెలింది. ఇరవై రెండేళ్ళవాడు, కొత్తగా చేరాడు, తెలివి చూపించాలని తహతహ. మిస్టర్ కిలోరన్ రెండు రోజులు నానబెట్టి, మొహం అటు తిప్పుకుని "సరే కానీ" అన్నాడు. ఆ మొదటి వసంతంలోనే, గుడి వాకిట్లో పిల్లల ఆట కంట పడి, దుకాణానికి వచ్చి కోటు కూడా తీయకుండా, "ఇంక వద్దు ఫెలిం. అందరికీ నల్ల జేబులే ఉండనీ" అన్నాడు. "అలాగే మిస్టర్ కిలోరన్" అన్నాడు ఫెలిం. అని, మరుసటి వసంతంలో పై గదిలో కూర్చుని ఇంకో తొమ్మిది కోట్లకి పచ్చ జేబులు కుట్టాడు. ఎందుకంటే మొదటి ఏడాది సోమవారం ఒక్క సూటు కూడా తిరిగి రాలేదు. తన తెలివి పారింది. పారిన తెలివిని ఎవడు వదులుకుంటాడు? ఆ తొమ్మిదిలో ఒకటి జార్లత్‌ది.

ఆయన కనిపెట్టలేదనే ఫెలిం ఇన్నేళ్ళూ అనుకున్నాడు. కనిపెట్టాడన్నమాట. కనిపెట్టి, వానలో నడిచి వెళ్ళి, తనది కాని తప్పు నెత్తిన వేసుకుని, తలుపు మొహంమీద వేయించుకుని, మర్నాడు పొద్దున్నే కొట్టు తీసి, "ఈస్టరుకి అద్దాలగదిలో ఏం పెడదాం ఫెలిం?" అని అడిగాడన్నమాట. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఒక్క మాట అనలేదు.

"శుక్రవారం మధ్యాహ్నానికి ఇచ్చేస్తాను" అన్నాడు ఫెలిం. అతని నోట్లోంచి వచ్చింది అంతే.

గురువారం కిలోరన్ కూతురు నూలా వచ్చింది, పై గది ఖాళీ చేయించడానికి. యాభై ఏళ్ళ మనిషి, స్లైగోలో బడిపంతులమ్మ. చిన్నప్పుడు ఫెలిం కౌంటరు కింద కూర్చుని గుండీలు దండ గుచ్చిన పిల్ల. ఇప్పటికీ ఫెలింతో మీరు అనే మాట్లాడుతుంది, అతనికి అది గొప్ప.

పై గదిలో చొక్కా కాలర్ల అట్టపెట్టెలు, చెయ్యి విరిగిన కొయ్యబొమ్మ, ఎవరూ కొనని గుండ్రటి బౌలర్ టోపీలు. ఫెలిం ఒక్కొక్కటే దులిపి అందిస్తుంటే నూలా కిందికి దింపిస్తోంది. బీరువా వెనక గోడకి ఆనించి ఒక బట్టచుట్ట కనపడింది. నూలా కాగితం చించి చూసింది. సీసాగాజులాంటి ముదురు పచ్చ రంగు. చుట్టమీద ఇంకా నాలుగైదు గజాలు మిగిలి ఉంది.

"ఇదేనా ఫెలిం?" అంది మెల్లిగా.

"పాత లైనింగు."

"నాకు తెలుసు ఇదేమిటో. బళ్ళో నాతో చదివిన పిల్లలు నా మొహాన అనేవాళ్ళు, మీ నాన్న పచ్చజేబుల దొర అని." ఆవిడ చుట్టమీద చెయ్యి పెట్టి నిలబడింది. "ఒక్కసారి అడిగాను నాన్నని, ఆసుపత్రిలో. ఎందుకు చేశావు నాన్నా అలాగ అని. 'ఆ రోజులు మంచివి కావే' అని గోడవైపు తిరిగిపోయాడు. ఆదివారం ఆ రాయిముందు నిలబడాలంటే నాకు సిగ్గుగా ఉంది ఫెలిం. మీతో కాక ఎవరితో చెప్పుకోను? అంత మంచిమనిషి అంత చిన్నపని ఎలా చేశాడంటారు?"

నోరు తెరవడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. గదిలో ఇద్దరే ఉన్నారు. ఆ పిల్ల తండ్రిని ఆ పిల్లకి తిరిగి ఇచ్చేయడానికి నాలుగు మాటలు చాలు. నాలుగు మాటలు అన్నాక ఆవిడ మొహం ఎలా మారుతుందో కళ్ళకి కట్టింది. గుండీల దండ గుచ్చిన పిల్ల తనని చూసే చూపు పోతుంది. దుకాణం పోయాక తనకి మిగిలేది ఆ చూపు ఒక్కటే.

"ఆ రోజులు అలాంటివమ్మా" అన్నాడు.

అని, సిగ్గుతో చచ్చిపోయాడు. కిలోరన్ తనని కాచడానికి చెప్పిన మాటనే, కిలోరన్ కూతురి దగ్గర తనని కాచుకోవడానికి తిరిగి వాడుకున్నాడు. చుట్ట చంకలో పెట్టుకుని, చెత్తలో పడేస్తానని చెప్పి దిగిపోయాడు. పడెయ్యలేదు. కౌంటరు కింద, నూలా చిన్నప్పుడు కూర్చునే చోట పెట్టాడు.

మధ్యాహ్నమంతా జార్లత్ సూటు పనిలో పడ్డాడు. శవానికి తొడిగే కోటు వీపు ఎలాగూ మధ్యకి చీలుస్తారు. కుడి భుజం వాలు ఎవరూ చూడరు. అయినా కుడి భుజం విప్పి, లోపలి మెత్త పావు అంగుళం దించి, కచ్చా కుట్టు వేసి, కొయ్యబొమ్మకి తొడిగి చూసి, మళ్ళీ విప్పి మళ్ళీ వేశాడు. తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేశాడు. చేతులు చేసుకుపోతున్నాయి. అతని చేతులు ఎప్పుడూ మంచివే. పచ్చ జేబులు కూడా ఎంత శుభ్రంగా కుట్టాడో!

శుక్రవారం మూడింటికి జార్లత్‌ని ఉంచిన శవపేటికల గదికి వెళ్ళేసరికి టెసీ ఒక్కతే ఉంది. జార్లత్ జుట్టు నెరిసింది. మిగతా మొహమంతా ఆ పన్నెండేళ్ళవాడిదే. పేటికల మనిషీ ఫెలిమూ కలిసి కోటు తొడిగారు. ఫెలిం కాలరు సర్ది, కఫ్ అరంగుళం బయటికి లాగి, గుండీ పెట్టబోయి ఆగాడు.

"లోపలి జేబు కుట్టేయమంటారా టెసీ? వదిలేయమంటారా? దారం తెచ్చాను."

టెసీ "వదిలెయ్" అంది. చేతిసంచీలోంచి తల్లి జపమాల తీసి, తమ్ముడి కోటు తెరిచి, ఆ జేబులో వేసి, పైనుంచి తట్టింది. "ఇన్నాళ్ళకి ఒక జేబు వాడుకున్నావురా" అంది వాడితో.

ఫెలిం "టెసీ, ఆ జేబులు..." అని మొదలుపెట్టాడు. అంతలో తలుపు తోసుకుని మాంసంకొట్టు క్రిస్టీ బ్రెహనీ వచ్చాడు. కిలోరన్ స్మారక సంఘానికి అధ్యక్షుడు, ఊళ్ళో పెళ్ళికైనా చావుకైనా ముందు వినపడేది అతని గొంతే.

"నీ దుఃఖానికి నా సానుభూతి టెసీ. ఏమయ్యా ఫెలిం, కొట్టు మూశాక కూడా పనేనా! అబ్బ, ఏం కుదిరిందయ్యా సూటు! బతికుండగా జార్లత్ ఇంత అందంగా ఎప్పుడున్నాడు? ఆదివారం ఉపన్యాసం సిద్ధమేనా? రెండు నిమిషాలు చాలు, ఏడిపించకు. ఏడవడం మొదలుపెడితే మావాళ్ళు ఇంటికి పోరు."

వెనకాల ఇంకో నలుగురు వచ్చారు. చేతులు కలపడాలు, "మంచివాడు, పాపం మంచివాడు" అనడాలు. ఆ మంచివాడిని ఆనాడు పట్టుకున్న నలుగురిలో ఒకడు వాళ్ళలోనే ఉన్నాడు, బట్టతల వంచుకుని జపం చేసుకుంటున్నాడు. ఫెలిం వెళ్తూ వెళ్తూ టెసీ పక్కన ఆగాడు.

"ఆదివారం రండి."

"చెప్పాను కదా రానని."

"రాయి కోసం కాదు. నేను ఒకటి చెప్పాలి. మీరు వినాలి."

టెసీ అతని మొహంలోకి చూసింది, బట్టలో తప్పు వెతికినట్లు.

శనివారం శవయాత్ర దుకాణం ముందునుంచే వెళ్ళింది. శవం వెళ్తుంటే కొట్లన్నీ తెరలు దించి, తలుపులు మూసి నిలబడడం ఆ ఊరి పద్ధతి. ఫెలిం నాలుగు తెరలూ దించాడు. ఎప్పుడూ అయితే మిస్టర్ కిలోరన్ పక్కన నిలబడేవాడు, చీకట్లో ఇద్దరూ చేతులు ముందు కట్టుకుని. ఈసారి ఒక్కడే. బయట అడుగుల చప్పుడు మెల్లిగా వచ్చి, మెల్లిగా పోయింది. ఇలా ఎన్నిసార్లు ఆ మనిషి తన మోచెయ్యికి మోచెయ్యి తగిలేటంత దగ్గరగా, సంగతంతా తెలిసి, ఏమీ అనకుండా నిలబడి ఉంటాడో అని లెక్కపెట్టబోయి మానుకున్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. కొట్టులోంచి గెంటేసి ఉంటే ఇంకా బాగుండేది.

ఆదివారం పన్నెండున్నర పూజ అవ్వగానే జనం దుకాణం ముందు గుమిగూడారు. ఎండ, చలిగాలి. గోడకి కొత్త రాయి, దానిమీద నీలం గుడ్డ. గుడి గురువుగారు చల్లాల్సిన నీళ్ళు చల్లారు. నూలా గుడ్డ లాగింది. మలకీ కిలోరన్, వస్త్రవ్యాపారి, ఈ ఊరి బిడ్డలకు బట్ట కట్టినవాడు. చప్పట్లు. నూలా చప్పట్లు కొట్టలేదు, గుడ్డని మడతపెడుతూ నిలబడింది. జనం వెనకాల, బస్సు ఆగేచోట, నల్లకోటులో టెసీ ఉంది.

"ఇప్పుడు మన ఫెలిం!" అన్నాడు క్రిస్టీ. "ఈ ఊళ్ళో ప్రతి మగాడి నడుము కొలత తెలిసి కూడా నోరు మెదపని పెద్దమనిషి!"

అందరూ నవ్వారు. ఫెలిం చేతిలో కాగితం లేదు. గొంతు సవరించుకున్నాడు.

"పచ్చ జేబుల గురించి మీ అందరికీ తెలుసు" అన్నాడు.

నవ్వు ఆగింది. ఎవరో దగ్గారు. క్రిస్టీ మొహం మాడింది.

"అది మిస్టర్ కిలోరన్ పని కాదు. ఆ ఆలోచన నాది. ఏడాది తిరక్కుండా ఆయన మానమన్నాడు. నేను మానలేదు. ఆయనకి చెప్పకుండా ఇంకో తొమ్మిది కుట్టాను. నిన్న మనం పూడ్చిపెట్టి వచ్చిన జార్లత్ చిన్నప్పటి కోటు ఆ తొమ్మిదిలోదే. మిస్టర్ కిలోరన్ వాళ్ళింటికి వెళ్ళి నా తప్పు తనమీద వేసుకున్నాడు. నాకు ఆ సంగతి మొన్న బుధవారం దాకా తెలియదు. అది మాత్రం నిజం. మిగతాదంతా నాకు తెలుసు, నలభై ఏళ్ళుగా తెలుసు. మీరందరూ ఆయన్ని అంటుంటే వింటూ ఊరుకున్నాను."

ఫెలిం ఎదురుచూశాడు. ఒక్క రాయి పడినా, ఒక్క తిట్టు పడినా మోయడానికి సిద్ధంగా, కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టుకుని నిలబడ్డాడు.

ముందు వరసలో ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. "చూశావుటే," అంది పక్కావిడతో, అందరికీ వినపడేలా, "చచ్చిపోయిన యజమాని పేరు పోకుండా నింద తనమీద వేసుకుంటున్నాడు. ఇలాంటి మనుషులు ఇంక పుట్టరు."

"అదీ విశ్వాసమంటే!" అన్నాడు ఇంకొకడు.

చప్పట్లు ఒక మూల మొదలై వీధంతా పాకాయి. కిలోరన్‌కి కొట్టినవాటికంటే గట్టిగా కొట్టారు. "కాదు," అన్నాడు ఫెలిం, "నేను నిజం చెబుతున్నాను, నేనే కుట్టాను..." ఆ మాట చప్పట్లలో కలిసిపోయింది. క్రిస్టీ వచ్చి రెండు చేతులతో అతని భుజాలు పట్టుకున్నాడు. "చాలయ్యా చాలు. నీ మనసు మాకు తెలియదా? ముసలాడి పరువు నిలబెట్టావు. ఇంక ఆ జేబుల గొడవ ఎవడన్నా ఎత్తితే నేను ఊరుకోను." బట్టతలాయన వచ్చి చెయ్యి పట్టి ఊపాడు, కళ్ళలో నీళ్ళతో. నూలా వచ్చి బుగ్గమీద ముద్దు పెట్టి, "ఇంతకంటే ఎవరూ ఏం చేయలేరు నాన్నకి" అంది. ఆవిడ మొహం తేటపడలేదు. ఆవిడ కూడా నమ్మలేదు.

అబద్ధం చెప్పిన కిలోరన్‌ని ఊరంతా నమ్మింది. ఫెలిం కౌంటరు కింద పెట్టిన పచ్చచుట్టని తెచ్చి చూపిద్దామా అనుకున్నాడు. దానిమీద ఎవరి పేరూ రాసి లేదు.

జనం సారాకొట్టు వైపు కదిలారు. జనానికి ఎదురుగా నడుచుకుంటూ టెసీ వచ్చింది, చేతిసంచీ పొట్టకి అదుముకుని. ఫెలిం ముందు ఆగింది. అతని చేతులకేసి చూసింది.

"నీ చేతులతోనేనా ఫెలిం?"

"నా చేతులతోనే."

"మా అమ్మ ఆ మనిషి మొహంమీద తలుపేసింది" అంది. రోడ్డు మలుపులో బస్సు కనపడింది. సంచీ భుజానికి తగిలించుకుని, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"నేను నమ్మాను" అంది, అని బస్సెక్కింది.